హోపీలు నాట్యం చేస్తే నిజంగా వాన పడుతుందా?

అడిగిన ప్రశ్న ఇది: "అరిజోనాలో హోపీ అనే ఆదివాసులు నోట్లో పాములు పట్టుకుని నాట్యం చేస్తే వాన పడుతుందట, నిజమేనా? మన కప్పతల్లి ఆట లాంటిదేనా అది? వెళ్లి చూడొచ్చా? వాళ్ల నీలి మొక్కజొన్న విత్తనం రాయలసీమలో వేస్తే పండుతుందా?"

ముందు సూటిగా చెప్పేస్తాను. పాముల నాట్యం ఇప్పుడు బయటివాళ్లు చూడటానికి లేదు. అది కప్పతల్లి ఆట లాంటిది కాదు. వానలు మొహం చాటేసినప్పుడు మనం కప్పతల్లిని ఊరేగిస్తాం. హోపీలు మాత్రం వాన బాగా పడ్డ ఏడూ, పడని ఏడూ కూడా తమ క్రతువులు చేస్తారు. పోలిక కావాలంటే ఏరువాక దానికి దగ్గర. అది కూడా ఒక్క రోజుతో అయిపోయేది కాదు, ఏడాది పొడుగునా సాగే ఏరువాక అనుకోండి.

నేను అనంతపురం జిల్లావాణ్ణి. మా నాన్న వేరుశనగ వేసేవారు. భూగర్భ జలాల మీద పని చేస్తూ 2006లో అరిజోనాలోని ఫ్లాగ్‌స్టాఫ్ అనే ఊరికి వచ్చాను. అక్కణ్ణుంచి హోపీ ఊళ్లకు కారులో సుమారు రెండు గంటలు. రెండో మెసాలో ఒక రైతుతో పరిచయమైంది. నాకంటే ఇరవై ఏళ్లు పెద్దాయన. విత్తే రోజుల్లో ఏటా ఆయన పొలానికి వెళ్తుంటాను. నేను హోపీని కాను, వాళ్ల క్రతువుల లోతు చెప్పే అధికారం నాకు లేదు. పొలంలో నేర్చుకున్నదీ, వాళ్లు బయటికి చెప్పడానికి ఇష్టపడేదీ మాత్రమే రాస్తున్నాను. కొన్ని సంగతులు హోపీ పిల్లలకే ఒక వయసు వచ్చి దీక్ష ఇచ్చేదాకా చెప్పరు. అలాంటివి ఇక్కడ ఉండవు.

ముందు ఆ నేల ఎలాంటిదో తెలియాలి. అరిజోనా ఈశాన్య మూలలో, చుట్టూ నవాహోలనే మరో ఆదివాసుల భూమి, మధ్యలో హోపీలది. బ్లాక్ మెసా అనే పెద్ద పీఠభూమి దక్షిణం వైపు మూడు వేళ్లు చాచినట్టు ఉంటుంది. మెసా అంటే పైన బల్లలా చదునుగా, అంచుల్లో నిట్టనిలువుగా ఉండే గుట్ట. ఆ మూడు వేళ్లే మొదటి మెసా, రెండో మెసా, మూడో మెసా. ఊళ్లు మొత్తం 12. మొదటి మెసా కొమ్ము మీద ఉండే వాల్పీని కింది నుంచి చూస్తే గుట్ట ఎక్కడ అయిపోయిందో, ఇళ్లు ఎక్కడ మొదలయ్యాయో తెలియదు. మూడో మెసా మీది ఒరాయిబీలో 1100ల నుంచి జనం ఆగకుండా కాపురం ఉంటున్నారు. అమెరికాలో అంత పాత ఊళ్లు చాలా తక్కువ.

ఎత్తు సుమారు 6,000 అడుగులు. ఏడాదికి వాన, మంచు కలిపి 200 నుంచి 250 మిల్లీమీటర్లు. కరువు జిల్లా అని పేరుపడ్డ మా అనంతపురానికే 550 దాకా పడుతుంది, అందులో సగం కూడా కాదన్నమాట. ఏడాదంతా పారే నది ఒక్కటీ లేదు. గుట్టల అడుగున ఊటలు, వానొస్తే ఒక పూట పొంగి ఆరిపోయే వాగులు, అంతే. ఊటల దగ్గర చిన్న చిన్న మడులకు తప్ప తడి పెట్టడం అనేదే లేకుండా వాళ్లు ఈ నేల మీద మొక్కజొన్న, చిక్కుడు, గుమ్మడి పండించారు. ఇప్పటికీ పండిస్తున్నారు. వ్యవసాయ శాస్త్రం పుస్తకాల్లో మొక్కజొన్నకు కావాలని రాసే వానలో ఇక్కడ పడేది సగం కూడా ఉండదు.

మరి ఎలా పండుతుంది? ఇది చెప్పకుండా క్రతువుల గురించి చెబితే సగం సంగతే అవుతుంది.

మొదటిసారి ఆ రైతు పొలానికి వెళ్లింది మే నెల మధ్యలో. గాలి విపరీతంగా కొడుతోంది, ఇసుక పళ్ల కింద కరకరమంటోంది. చూడటానికి అది పొలంలా లేదు, దున్నిన చాలు లేదు, గట్టు లేదు. పోయినేడు మొక్కల మోళ్లు గుబురు గుబురుగా దూరదూరంగా నిలబడి ఉన్నాయి. ఆయన రెండు మోళ్ల మధ్య జాగా చూసుకుని, పైన ఉన్న పొడి ఇసుకను పాదంతో పక్కకి నెట్టాడు. తర్వాత కర్రతో గుంట తవ్వడం మొదలుపెట్టాడు. విత్తే కర్రను వాళ్లు సోయా అంటారు. జాన లోతు పోయింది, ఇంకా పొడే. మరో నాలుగు వేళ్లు తవ్వాక మట్టి రంగు మారి ముదురు గోధుమ రంగులోకి వచ్చింది. పిడికెడు తీసి గట్టిగా నొక్కి, వేళ్లు విప్పాడు. ముద్ద విడిపోలేదు. నా చేతిలో పెట్టి "ఇది ఫిబ్రవరిలో పడిన మంచు" అన్నాడు.

మా నాన్న వేరుశనగ వేసేముందు పదును చూసేది సరిగ్గా ఇలాగే. పదును అనే మాటకు ఇంగ్లీషులో సరైన మాట దొరక్క ఆయనకి చెప్పలేకపోయాను, పిడికిలి బిగించి విప్పి చూపించాను. ఆయన తలూపాడు.

ఆ తడి తగిలిన చోట పది పన్నెండు గింజలు వదిలాడు. మీద తడి మట్టి, దాని మీద పొడి ఇసుక కప్పాడు. ఆ పొడి ఇసుకే కింది చెమ్మని ఎండకు ఎగిరిపోకుండా కాపాడుతుంది. మూడు అంగలు వేసి ఇంకో గుంట. అన్ని గింజలెందుకంటే కొన్ని పురుగులు తింటాయి, కొన్ని కాకులు తవ్వుకుపోతాయి, మిగిలినవి గుబురుగా లేచి గాలికి ఒకదాన్నొకటి కాచుకుంటాయి. అంత లోతున మామూలు మొక్కజొన్న వేస్తే మొలక పైకి రాలేక లోపలే చచ్చిపోతుంది. 1914లో జి.ఎన్. కాలిన్స్ అనే వృక్షశాస్త్రవేత్త హోపీ విత్తనాన్ని పరీక్షించి ఇందులోని కిటుకు రాశాడు. గింజకీ, మొదటి కణుపుకీ మధ్య ఉండే కాడ ఈ రకాల్లో అడుగు దాకా సాగుతుంది. పైగా కింద వేళ్లు గుత్తిగా కాకుండా ఒకే ఒక్క బలమైన వేరు తడిని వెతుక్కుంటూ నిలువుగా దిగుతుంది. ఆ గుణం దానంతట అది వచ్చింది కాదు. ఎన్నో వందల ఏళ్లు ఆ ఇంటి ఆడవాళ్లు ఏ కంకి దాచాలో, ఏది వండుకోవాలో ఏరి ఏరి తెచ్చిన గుణం. పొలం తల్లి వంశానిది. పంట ఇంటికొచ్చాక, విత్తనంతో సహా, అది ఇల్లాలిది.

ఇప్పుడు వాన సంగతికొస్తే ఆ మొక్కకి ఏడాదిలో రెండుసార్లు ఆకాశం సాయం కావాలి. చలికాలం మంచు పడి నేలలోకి ఇంకితేనే మేలో పదును దొరుకుతుంది. జూలై నుంచి సెప్టెంబరు దాకా వచ్చే వేసవి వానలు పడితేనే కంకి పాలు పోసుకుంటుంది. వాటినీ ఇక్కడ మాన్‌సూన్ అనే అంటారు. ఈ రెండిట్లో ఏది తప్పినా పంట లేదు. వాళ్ల క్రతువుల వరస ఈ రెండు అవసరాల చుట్టూ అల్లుకుని ఉంటుంది.

హోపీ భాషలో నీళ్లకు రెండు మాటలున్నాయి. ఊటలో, వాగులో, వానలో ఉన్న నీళ్లు పాహు. కుండలోకో గ్లాసులోకో పట్టుకున్నవి కూయి. పాహు మనిషి చేతిలోది కాదు, దాన్ని గౌరవంగా పిలవాలి తప్ప ఆర్డర్ వేయలేం. నాకు ఇది అర్థం కావడానికి చాలా ఏళ్లు పట్టింది, ఎందుకంటే నా ఉద్యోగమే నీళ్లను అంకెల్లో కొలవడం.

డిసెంబరులో పొద్దు దక్షిణాన ఆగి వెనక్కి తిరిగే రోజుల్లో సోయాల్ జరుగుతుంది. సూర్యుడు ఏ గుట్ట పక్కన లేస్తున్నాడో చూసి రోజులు లెక్కకట్టే పెద్దలు ఊరికి ఒకరుండేవారు. ఏ పంట ఎప్పుడు విత్తాలో కూడా ఆ లెక్కతోనే. సోయాల్‌లో పాహోలు కడతారు. పాహో అంటే ఈక కట్టిన చిన్న పుల్ల, మాటకు బదులుగా వెళ్లే ప్రార్థన అనుకోవచ్చు. ఊటల దగ్గర, గుట్ట అంచుల్లో వాటిని ఉంచుతారు. మీరెప్పుడైనా అక్కడ నడుస్తూ రాళ్ల మధ్య ఈక కట్టిన పుల్ల చూస్తే దయచేసి ముట్టుకోకండి.

సోయాల్ మొదలు జూలై దాకా కత్సినలు ఊళ్లలోకి వస్తూ పోతూ ఉంటారు. కత్సినలు దేవుళ్లా అని చాలామంది అడుగుతారు. దేవుళ్లు అనడం సరిగ్గా సరిపోదు. వాళ్లు మేలు కోరే ఆత్మలు, మనిషికీ వానకీ మధ్య నడిచే మిత్రులు. జంతువులకు, మొక్కలకు, మబ్బులకు, దాటిపోయిన పెద్దలకు కూడా ఆ రూపం ఉంటుంది. మంచిగా బతికి వెళ్లినవాళ్లు మబ్బులై తిరిగి వస్తారని వాళ్ల నమ్మకం. అంటే జూలైలో పడమటి దిక్కున మబ్బు లేస్తే అది వట్టి వాతావరణం కాదు, తాతమ్మలు ఇంటికి వస్తున్నారు. పెద్దలకు పెట్టుకునే అలవాటున్న మనకు ఈ మాట విడమరిచి చెప్పక్కర్లేదు.

ఫిబ్రవరిలో పొవాముయా వస్తుంది. బయట నేల గడ్డకట్టి ఉంటుంది. కీవాల్లో, అంటే నేలలోకి దిగి నిచ్చెనతో ఎక్కిదిగే క్రతుశాలల్లో, రాత్రింబవళ్లు పొయ్యి వెలిగించి వెచ్చగా ఉంచి చిక్కుడు మొలకలు పెంచుతారు. ఆ చలిలో పచ్చటి మొలకలు ఇంటింటికీ చేరడం అంటే ఈ ఏడు పంటకు బీజం పడినట్టే. ఇదే సమయంలో పిల్లలకు తిహు ఇస్తారు, బహువచనంలో తితు. బజార్లో కచినా బొమ్మలు అని అమ్మేవి ఇవే. కానీ అవి ఆడుకోవడానికి ఇచ్చేవి కావు. కత్సిన స్వయంగా ఆడపిల్ల చేతికి ఇచ్చే దీవెన అది. ఇంట్లో గోడకు తగిలించుకుంటారు, పిల్ల వాళ్లను గుర్తుపట్టడం నేర్చుకుంటుంది. చెక్కేది కాటన్‌వుడ్ చెట్టు వేరుతో. కాండంతో కాదు, వేరుతోనే. ఆ చెట్టు నీళ్లున్న చోటే పెరుగుతుంది, దాని వేరు నీళ్లను వెతుక్కుంటూ పోతుంది. వాన కోసం బతికే జనం తమ పిల్లల చేతిలో పెట్టేది నీటిని వెతికే వేరు.

వసంతంలో, ఎండాకాలం మొదట్లో ఊరి నడుమ చావడిలో పగటి నాట్యాలు జరుగుతాయి. జూలైలో జరిగే నీమన్‌తో కత్సినలు సెలవు తీసుకుంటారు. ఆ రోజు వాళ్లు మొదటి పచ్చి మొక్కజొన్నను వేళ్లతో సహా పెకలించి తెచ్చి పిల్లలకు పంచుతారు. చాలా ఏళ్ల క్రితం పిలుపు మీద ఒక నీమన్‌కు వెళ్లాను. అక్కడ చూసినదంతా రాయను. పొద్దున్నే చలిలో కాళ్లకు కట్టిన తాబేటి చిప్పల గలగల వరసగా, ఒకే లయలో, వాన జల్లు దూరం నుంచి దగ్గరికొస్తున్నట్టు వినిపించింది. ఇంత మాత్రం చెప్పొచ్చు అనుకుంటున్నాను. అక్కడ ఎవరూ చప్పట్లు కొట్టరు. అది ప్రదర్శన కాదు కాబట్టి.

సెలవు తీసుకుని వాళ్లు వెళ్లేది నువతుక్యాఓవికి. మ్యాపుల్లో సాన్ ఫ్రాన్సిస్కో శిఖరాలు అని ఉంటుంది, నేనుండే ఫ్లాగ్‌స్టాఫ్ నెత్తినే ఉన్న కొండలు. ఎత్తైన శిఖరం 12,633 అడుగులు. జూలైలో ఏ రోజైనా పొద్దున ఆకాశం నిర్మలంగా ఉంటుంది, పదకొండు గంటలకల్లా ఆ కొండ మీద దూదిపింజంత మబ్బు పుడుతుంది, రెండు గంటలకు నల్లగా కమ్ముకుంటుంది. ఎండకు కాగిన కొండవాలు తేమగాలిని పైకి ఎత్తుతుంది, అది చల్లబడి మబ్బు కడుతుంది. వాతావరణ శాస్త్రం చెప్పేది ఇదే, ఇది నిజం. వందల ఏళ్లుగా తమ మెసా మీద నిలబడి రోజూ ఆ కొండను చూసిన మనుషులు మబ్బులు అక్కడే కాపురం ఉంటాయని చెప్పడం కూడా అంతే జాగ్రత్తగా చూసి చెప్పిన మాట.

కత్సినలు వెళ్లాక మిగతా సగం ఏడాది వేరే క్రతువులది. ఆగస్టులో ఒక ఏడు పాము, జింక సంఘాల క్రతువు, మరో ఏడు వేణువు సంఘాలది. సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో ఆడవాళ్ల సంఘాలు బుట్టల నాట్యాలు చేస్తాయి. నవంబరులో మగవాళ్ల దీక్షలు. అన్ని ఊళ్లలో అన్నీ ఇప్పుడు జరగడం లేదు. కొన్ని ఊళ్లలో దీక్ష తీసుకున్న చివరివాళ్లు పోవడంతోనే ఆ సంఘం కూడా ఆగిపోయింది.

ఇక పాముల నాట్యం. మీరు అడిగింది దీని గురించే, కానీ ఏడాది మొత్తం చక్రంలో ఇది ఒక ఆకు మాత్రమే. నాలుగు దిక్కుల నుంచి పాములను తెస్తారు, ఎన్నో రోజుల క్రతువు తర్వాత చివరి రోజు సాయంత్రం నాట్యం, వెంటనే పాములను మళ్లీ నాలుగు దిక్కులకూ వదిలేస్తారు. ఇక్కడ పాము శత్రువూ కాదు, గారడీ వస్తువూ కాదు. నేల లోపలికి వెళ్లగలిగిన దూత. జనం మొరను కింద ఉన్న నీటి దగ్గరికి మోసుకెళ్తుంది. ఊటల్లో మహాసర్పం ఉంటుందని కూడా వాళ్లు నమ్ముతారు.

బయటి లోకానికి మాత్రం పాము తప్ప ఇంకేమీ కనబడలేదు. 1880ల్లో రైలు రావడంతో టూరిస్టులు మొదలయ్యారు. 1913 ఆగస్టులో మాజీ అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ కూడా వాల్పీకి వచ్చి చూశాడు. కెమెరాలతో జనం ఎగబడటంతో 20వ శతాబ్దం తొలి దశకాల్లోనే ఫోటోలు నిషేధించాల్సి వచ్చింది. ఒక పక్క టూరిస్టులు ఎగబడుతుంటే మరో పక్క అమెరికా ప్రభుత్వం ఆ మతాన్ని అణచాలని చూసింది. పిల్లలను బడికి పంపనన్నందుకు 1895లో 19 మంది హోపీ పురుషులను సాన్ ఫ్రాన్సిస్కో దగ్గరి అల్కట్రాజ్ జైల్లో నెలల తరబడి పెట్టారు. 1921లో ఇండియన్ వ్యవహారాల కమిషనర్ చార్లెస్ బర్క్ ఆదివాసుల నాట్యాలను అరికట్టాలని సర్క్యులర్ ఇచ్చాడు. అదే 1921లో ప్రెస్కాట్ అనే ఊళ్లో తెల్లవాళ్ల క్లబ్బు ఒకటి ఒంటికి రంగు పూసుకుని పాముల నాట్యాన్ని అనుకరించడం మొదలుపెట్టి, హోపీలు వద్దని గట్టిగా అడిగేదాకా, 1990 వరకూ ఏటా టికెట్లు పెట్టి ఆడింది. అసలువాళ్లు చేస్తే తప్పు, నకిలీ చేస్తే వినోదం. ఆదివాసుల మత స్వేచ్ఛకు చట్టం వచ్చింది 1978లో.

1992లో ఒక కామిక్ పుస్తకం కత్సినలను ముసుగు వేసుకున్న దుండగుల్లా చూపించింది. ఆ తర్వాత చాలా నాట్యాలకు బయటివాళ్లను రానివ్వడం మానేశారు. 2013లో పారిస్‌లో కత్సిన క్రతువులకు చెందిన పవిత్ర వస్తువులను వేలం వేశారు. వాటిని హోపీలు వస్తువులు అనరు, మిత్రులు అంటారు. కోర్టుకెళ్లినా ఆగలేదు. ఆ డిసెంబరులో జరిగిన వేలంలో అనెన్‌బర్గ్ ఫౌండేషన్ అనే దాతృత్వ సంస్థ 5,30,000 డాలర్లు పెట్టి 24 కొని సొంతవాళ్లకు తిరిగిచ్చింది, అందులో 21 హోపీలవి. ఇవన్నీ తెలిశాక ఎందుకు తలుపులు మూశారని అడగాలనిపించదు.

అయితే వాన పడుతుందా లేదా? ఈ ప్రశ్నను నేను కూడా ఒకసారి ఆ రైతును అడిగాను. "నువ్వు మీ అమ్మకి ఫోన్ చేస్తే డబ్బు వస్తుందా?" అన్నాడు. కాసేపాగి, "చేయకపోతే ఏమవుతుందో మాత్రం తెలుసు" అన్నాడు. నా అభిప్రాయం అడిగితే, నాట్యం వల్ల మబ్బు కడుతుందని నేను చెప్పను. ఆగస్టు ఎలాగూ వానల నెల. కానీ స్విచ్ వేస్తే లైటు వెలిగినట్టు వాన పడుతుందని ఏ హోపీ పెద్దా నాతో చెప్పలేదు. వాళ్లు చెప్పేది వేరే. మనసులో కక్షలు పెట్టుకుని చేస్తే వాన రాదు. ఊళ్లో తగాదాలుంటే, పొలానికి వెళ్లకుండా బద్ధకిస్తే, విత్తనం నిర్లక్ష్యం చేస్తే రాదు. హోపీ అన్న మాటకే సరైన నడవడిక గలవాడు అని అర్థం. విరాటపర్వంలో భీష్ముడు ధర్మరాజు ఉన్న చోట వానలు చక్కగా కురుస్తాయని చెబుతాడు, అందుకే కదా మన ఊళ్లలో వానల కోసం విరాటపర్వం చదివించేది. ఆ ఆలోచన వీళ్లకు పరాయిది కాదు. తేడా ఏమిటంటే అక్కడ నడవడిక సరిగ్గా ఉండాల్సింది రాజు ఒక్కడిదే కాదు, ఊళ్లో ప్రతివాడిదీ.

దానికి ఇంకో రుజువు పరుగు. వాళ్ల క్రతువుల్లో తెల్లవారుజామున కింది పొలాల నుంచో ఊట నుంచో మెసా పైకి పందెం ఉంటుంది. మనుషులు పరిగెత్తితే మబ్బులు పరిగెత్తుకొస్తాయి, వాగులు పరిగెత్తుతాయి. షుంగోపావి ఊరి లూయిస్ తెవానిమా 1912 స్టాక్‌హోమ్ ఒలింపిక్స్‌లో పది వేల మీటర్లలో రజతం గెలిచాడు, ఇంటికొచ్చి మళ్లీ పొలం, గొర్రెలు చూసుకున్నాడు. హోపీ హైస్కూల్ అబ్బాయిల జట్టు 1990 నుంచి 2016 దాకా వరసగా 27 సార్లు రాష్ట్ర క్రాస్‌కంట్రీ చాంపియన్. 2006లో మెక్సికో సిటీలో ప్రపంచ నీటి సదస్సు జరిగితే, నీటి గురించి చెప్పడానికి హోపీలు తమ మోయెన్‌కోపి ఊరి నుంచి అక్కడిదాకా రిలేలో పరిగెత్తుకుంటూ వెళ్లారు.

నా వృత్తికి దగ్గరి సంగతి ఒకటి చెప్పాలి, దీని గురించి రాస్తే నాకు ఇప్పటికీ మనసు బాగుండదు. బ్లాక్ మెసా మీద బొగ్గు ఉంది. 1970 నుంచి 2005 చివరి దాకా ఆ బొగ్గును పొడి చేసి, నీళ్లతో కలిపి, పైపులో 273 మైళ్ల దూరం నెవాడాలోని కరెంటు కేంద్రానికి తోసేవారు. అందుకు నేల లోపలి ఇసుకరాతి పొరల నుంచి రోజుకు సుమారు 30 లక్షల గ్యాలన్లు, అంటే కోటి లీటర్లకు పైగా, మంచినీళ్లు తోడారు. తాగే నీళ్లతో బొగ్గు కడిగి పంపడమన్నమాట. ఊటల్లో నీరు తగ్గిందని హోపీ పెద్దలు మొదటి నుంచీ మొత్తుకున్నారు. నమూనాలు, లెక్కలు, రిపోర్టుల మీద వాదనలు దశాబ్దాలు నడిచాయి. పాహోలు ఉంచే ఊట సన్నగిల్లితే వాళ్లకు అది రిపోర్టులో ఒక గీత కాదు.

రెండోది మా ఊరి కొండ. స్కీయింగ్ చేసే చోట మంచు చాలడం లేదని, శుద్ధి చేసిన మురుగునీటితో కృత్రిమ మంచు తయారు చేస్తామన్నారు. హోపీలు, నవాహోలు, ఇంకా చాలా తెగలవాళ్లు కోర్టుకెళ్లారు. 2008లో ఫెడరల్ అప్పీల్ కోర్టు, ఇది వాళ్ల మనసుకు కలిగే బాధే తప్ప మతాచారానికి అడ్డం కాదన్నట్టుగా తీర్పు ఇచ్చింది. 2009లో సుప్రీం కోర్టు కేసు విననంది. 2012 చలికాలం నుంచి ఆ మంచు పడుతోంది. కత్సినల ఇంటి మీద, మంచు కోసం వందల ఏళ్లుగా ప్రార్థించే చోట, మురుగునీటి నుంచి మిషన్లు చేసిన మంచు. మన కొండ మీద, మన కోనేట్లో ఎవరైనా అలా చేస్తే మనం మనసుకు కలిగే బాధే అని సర్దుకుంటామా?

వెళ్లడం గురించి. ఊళ్లు చూడొచ్చు, కానీ పద్ధతి ఉంది. ఫోటోలు, వీడియో, రికార్డింగ్, బొమ్మ గీయడం, రాసుకోవడం, ఏదీ కూడదు. మొదటిసారి వెళ్లినప్పుడు ఫోటోలు తీయకూడదని తెలుసు, కానీ గుర్తుకోసం చిన్న నోట్‌బుక్‌లో ఇళ్ల వరస గీస్తున్నాను. ఒక పెద్దావిడ వచ్చి నా పక్కన నిలబడింది. కోప్పడలేదు. "అది ఇక్కడే వదిలి వెళ్తావా?" అని అడిగింది. కాగితం చింపి ఆమె చేతిలో పెట్టాను. ఆ ముఖం నాకింకా గుర్తుంది. ఆ తర్వాత మళ్లీ ఎప్పుడూ జేబులోంచి కలం తీయలేదు.

రెండో మెసా మీద హోపీ కల్చరల్ సెంటర్ ఉంది, అక్కడ బస, భోజనం దొరుకుతాయి. మొక్కజొన్న గింజలు, గొర్రెమాంసంతో వండే నొక్‌క్వివి తినండి. వాల్పీకి గైడు లేకుండా వెళ్లకూడదు. ఏదైనా నాట్యానికి బయటివాళ్లను రానిస్తారేమో ఆ ఊరివాళ్లనే అడగండి, కాదంటే మళ్లీ అడగొద్దు. రానిస్తే ఒళ్లు కప్పే బట్టలు వేసుకుని, వెనక నిలబడి, నోరు మెదపకుండా చూడండి. ఎండాకాలంలో వెళ్తే నవాహో భూమి దాటేటప్పుడు మీ ఫోన్‌లో టైం గంట ముందుకు జరుగుతుంది, హోపీలోకి రాగానే వెనక్కి వస్తుంది. నవాహోలు గడియారం మారుస్తారు, హోపీలు మార్చరు. టూర్ టైం తప్పి టెన్షన్ పడేవాళ్లను చాలామందిని చూశాను. బొమ్మ కొనాలనుకుంటే చెక్కినవాళ్ల దగ్గరే, వాళ్లింట్లోనే కొనండి. హైవే షాపుల్లో దొరికేవి చాలావరకు హోపీలు చేసినవి కావు.

చివరిగా విత్తనం. రాయలసీమలో వేయొద్దనే నా సలహా. ఆ గింజ నేర్చుకున్నది చలికాలపు మంచు తడిని వెతకడం, ఇసుకలో లోతుకు దిగడం, 6,000 అడుగుల మీద చల్లటి రాత్రుల్లో పెరగడం. మన దగ్గర మంచు లేదు, ఎర్రనేల పైపొర గట్టిపడుతుంది, పైగా తెగుళ్లు వేరు. అంతకంటే పెద్ద కారణం, అది ఒక ఇంటి ఆడవాళ్లది. బిడ్డ పుడితే పక్కనే తెల్ల మొక్కజొన్న కంకి పెట్టి, ఇరవయ్యో రోజు తెల్లవారుతుండగా ఆ కంకితో దీవించి పేరు పెట్టి సూర్యుడికి చూపిస్తారు. మన ఇరవై ఒకటో రోజు బారసాలకు ఒక్కరోజు తేడా. అలాంటి గింజను అడిగి తీసుకోవడం నాకు చేతకాలేదు.

ఆ రైతు ఇల్లాలు మాత్రం ఒక ఏడాది అక్టోబరులో నీలి మొక్కజొన్న పిండి ఒక సంచి ఇచ్చింది, తినడానికి అని మరీ చెప్పి. మా ఆవిడ జొన్నరొట్టె తట్టినట్టే వేడినీళ్లు పోసి కలిపి తట్టింది. రుచి బాగానే ఉంది, రంగు మాత్రం సిమెంటులా వచ్చింది. మరుసటి నెల వెళ్లినప్పుడు ఆవిడకు ఆ మాట చెబితే నవ్వి, లోపలికెళ్లి చిన్న సీసాలో బూడిద తెచ్చిచ్చింది. అక్కడ పెరిగే ఉప్పు పొదను కాల్చిన బూడిద అది. పీకీ అనే కాగితమంత పలచటి నీలి మొక్కజొన్న రొట్టెలో వాళ్లు వేసేది అదే. ఇంటికొచ్చి చెంచాడు బూడిద నీళ్లలో తేర్చి పిండిలో పోసింది మా ఆవిడ. కలుపుతుండగానే ఆమె చేతుల కింద పిండి వానమబ్బు రంగుకు తిరిగింది.